కోడెలకు సంబంధాలు చూసిన వెబ్‌సైటు

ఈ రోజు పొద్దున కుప్పం నుంచి ఫోను చేసిన మా మేనకోడలిని కసురుకున్నాను. మా పుంగనూరు ఆవుల వెబ్‌సైటులో కోడెల పేజీ తన ఫోనులో తెరుచుకోవడం లేదనీ, పలమనేరు వైపు రైతులు కూడా అదే మాట అన్నారనీ ఆ పిల్ల ఓపికగా చెబుతూంటే, నేను నా ముందున్న కంప్యూటరులో ఒకసారి చూసి, నా దగ్గర బాగానే వస్తోంది, తేడా నీ ఫోనులోనే ఉంటుంది, పనిలేని మాటలు మోసుకురావద్దని చెప్పి పెట్టేశాను. పెట్టేసిన తరువాతే గుర్తొచ్చింది. ఇదే మాట చాలా ఏళ్ళ కిందట ఈ పిల్ల తండ్రితో, అంటే మా అక్క మొగుడితో, ఇదే విసుగుతో అన్నాను, దాని ఫలితం ఒక మూగజీవం మీద పడింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో మదనపల్లెలో నేనొక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం, మౌసును ముట్టుకునే ముందు చేతులు ప్యాంటుకు తుడుచుకునేవాళ్ళం. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో నాకు మొదటిసారి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు దొరికింది. వండింది పంచి పెట్టడమే కాకుండా, ఎలా వండామో కూడా విప్పి చెప్పి, నచ్చినట్టు మార్చుకుని పదిమందికీ పెట్టండి అనే మనుషులు లోకంలో ఉన్నారని తెలిసి నేను పొందిన ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు. నేను కూడా అలాంటిదొకటి చేసి పంచాలని ఆశపడ్డాను గానీ, ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

దారి చూపింది సోమలలో ఉండే మా మేనత్త. ఆమెకు ఒక పుంగనూరు ఆవు ఉండేది. ఆ జాతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, నిలబడిన మనిషి నడుముకు కాస్త అటూ ఇటూగా వచ్చే పొట్టి ఆవు, గుప్పెడు మేతకే తృప్తిపడుతుంది, చిక్కటి పాలిస్తుంది. అప్పటికి ఊళ్ళన్నీ విదేశీ జాతి సీమావుల వెంట పడి, ఈ జాతి కోడె దొరకడమే గగనమైపోయింది. ఆవు ఎదకు వస్తే ఒక పూటలో కోడెను చూసుకోవాలి, తప్పితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. మా అత్త నన్ను చూసి ఒకరోజు అనేసింది, “పొద్దన్నమానం ఆ పెట్టె ముందర కూసోనుంటావే నైనా, మా ఆవుకు కోడె యాడుండాదో ఆ పెట్టె సెప్పదా?”

ఆ మాట పట్టుకుని మొదలుపెట్టాను. ఎవరి దగ్గర ఏ వయసు కోడె ఉంది, దాని తల్లి ఎవరింటిది, యజమానికి కబురు ఎలా చెప్పాలి, ఇవన్నీ వెతుక్కునే వెబ్‌సైటు. దాన్ని నడిపే కంప్యూటరు నా బల్ల కిందే ఉండేది. కరెంటు పోతే లారీ బ్యాటరీ మీద నడిచేది, ఎండాకాలంలో దానికి ఫ్యాను తిప్పి నేను విసనకర్ర పట్టుకునేవాణ్ణి, మా ఇంటావిడ దాన్ని నా రెండో సంసారం అనేది. పుంగనూరులో పశువుల ఆసుపత్రిలో పనిచేసి మానుకున్న మా చిన్నాన్న ఊళ్ళు తిరిగి వివరాలు తెచ్చేవాడు. కుప్పంలో బ్రౌజింగ్ సెంటరు పెట్టుకున్న మా బావ వాటిని ఎక్కించేవాడు, వచ్చిన రైతులకు తెరిచి చూపించేవాడు. చదువుకునే పిల్లలు గంటకింత అని కట్టి కూర్చునే ఆ సెంటరులో తలపాగా రైతులు తెర మీద కోడెల వివరాలు చదివించుకుంటూ ఉంటే, మా బావ తనను తాను పెళ్ళిళ్ళ పేరయ్యనని చెప్పుకుని మురిసిపోయేవాడు. మా వైపు ఆవు చూలు కట్టడానికి కోడెను దాటించినందుకు డబ్బు పుచ్చుకోరు, అది పాపమని నమ్మకం. ఆవు తోలుకొచ్చినవాళ్ళు ఒక పచ్చగడ్డి మోపో, కాస్త వేరుశెనగ చెక్కో కోడె ముందు పెట్టి దండం పెట్టుకుని వెళతారు.

బైరెడ్డిపల్లె దగ్గర ఒక రైతుకు నిఖార్సైన కోడె ఉండేది. సేద్యానికి ఎద్దు లేక ఇబ్బంది పడుతున్న మనిషి. దాన్ని కాడికి కట్టకుండా ఆపమని మా బావ బతిమాలితే, ఆవులు వస్తూ ఉంటే ఉంచుతాను, ఎవరూ రాకపోతే మాత్రం దుక్కుల నాటికి బీజాలు కొట్టించి కాడికి కట్టేస్తానని కచ్చితంగా చెప్పాడు. ఆ కోడె కోడెగా మిగలాలంటే మా పేజీ నలుగురికీ కనబడుతూ ఉండాలి. అంతే షరతు.

అప్పుడే నా కళ్ళు నెత్తికెక్కాయి. మా వెబ్‌సైటు ప్రోగ్రామును నేను ఇంటర్నెట్‌లో అందరికీ పంచి పెడితే, దాన్ని ఏ దేశంవాడో, ముక్కూ మొహం తెలియనివాడు, తన మేకల కోసం వాడుకుంటున్నానని ఉత్తరం రాశాడు. ఇంకేం, దాన్ని ఇంకా గొప్పగా చెయ్యాలని ఫోటోలతో సహా మొత్తం తిరగరాశాను. పక్కన ఒక నకలు పెట్టుకుని పరీక్షించి చూడడం ఈ పనిలో మొదటి పాఠం, నేనే పిల్లలకు చెప్పేవాణ్ణి. నేను మాత్రం నడుస్తున్న దాని మీదే కొత్తది పెట్టేశాను. పైగా అంతకు ముందే, నాకు ఫోను చేసి కోడె వివరాలు అడిగేవాళ్ళందరి చేతా ఆ అలవాటు మాన్పించాను, వెబ్‌సైటు ఉండగా నన్ను అడగడమేమిటని.

మూడు నాలుగు రోజులకు మా బావ ఫోను. “ఏమప్పా, ఈడ కోడెల పేజీ తెల్లగా ఉండాది, సున్నం కొట్టినట్టు. సూడు ఒకసారి.”

నేను నా కంప్యూటరులో చూశాను, బ్రహ్మాండంగా ఉంది. నా దగ్గర బాగానే వస్తోంది బావా, మీ సెంటరు కంప్యూటర్లు ముసలివైపోయాయి, కొత్తవి కొనుక్కో అన్నాను. ఆయన మళ్ళీ చేశాడు. చిన్నాన్న కూడా పుంగనూరు నుంచి కబురు పెట్టాడు. ఇద్దరికీ అదే జవాబు. ఆ వారమే ఆ మేకల ఆయన ఎత్తిచూపిన అక్షరమంత లోపాన్ని ఆ పూటే దిద్ది, వినయంగా కృతజ్ఞతలు రాశానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. దూరంవాడి మాట నాకు పరీక్ష, ఇంటివాడి మాట నస.

తప్పు చివరికి ఎక్కడుందంటే, వివరాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే చోట నేను మా వెబ్‌సైటు చిరునామా బదులు ‘ఈ కంప్యూటరే’ అనే అర్థం వచ్చే మాట రాసిపెట్టాను. ఉత్తరం మీద చిరునామా రాయకుండా ‘మా ఇల్లు’ అని రాసినట్టన్నమాట. నా బల్ల దగ్గర చూస్తే అది నా కంప్యూటరే కాబట్టి చేరేది, కుప్పంలో చూస్తే కుప్పం కంప్యూటరునే వెతికి, ఏమీ లేక తెల్లబోయేది. ఒక్కసారి బస్సెక్కి వెళ్ళి బావ పక్కన కూర్చుని ఉంటే నాకు తెలిసిపోయేది. వెళ్ళలేదు.

ఆలోగా మా అత్త ఆవు ఎదకు వచ్చింది. పుంగనూరులో చిన్నాన్న పేజీ తెరిపిస్తే తెల్లకాగితం. నన్ను అడగడం నేనే మాన్పించాను కదా, పూట దాటిపోతుందని దగ్గర్లో ఉన్న సీమ కోడెకే దాటించారు. బైరెడ్డిపల్లె రైతు కుప్పం సంతకు వచ్చినప్పుడల్లా మా బావను అడిగి, తన కోడె కోసం ఎవరూ వాకబు చేయలేదని తెలుసుకుని వెళ్ళేవాడు. తొలకరి పడింది. నేను తప్పు కనుక్కుని సంతోషంగా బావకు ఫోను చేస్తే, ఆయన, “ఇంగ యాల అప్పా, ఏం లాబం. నిన్ననే కాడికి కట్టేసినాడంట” అన్నాడు. నేను లైను సరిగా లేదన్నాను, కరెంటు కోతలన్నాను, నా తప్పు అని మాత్రం అనలేదు. తరువాతెప్పుడో సోమల వెళితే మా అత్త కొట్టంలోని పొడుగుకాళ్ళ దూడను చూపించి, “దూడ బాగానే ఉండాది నైనా. మా ఆవు మాదిరే లేదు, అంతే” అంది.

ఇదంతా తలచుకుని, అన్నం తినగానే కుప్పం బస్సెక్కాను. మేనకోడలు పొద్దున నేనన్న మాటలేవీ పట్టించుకోనట్టు ఫోను నా చేతిలో పెట్టింది. పేజీ తెల్లగానే ఉంది. గోడ పక్కన కుర్చీలో కూర్చున్న మా బావ దగ్గరకు వెళ్ళి, ఆ రోజు తప్పు నాదే బావా, నువ్వు చెబితే వినలేదు, తరువాత అబద్ధాలు కూడా ఆడాను అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఇన్నేండ్లకి లోడయిందా అప్పా నీ పేజీ?” అని, నవ్వి, కాఫీ పెట్టమని లోపలికి కేకేశాడు.

ఇప్పుడు ఆ పొట్టి ఆవులకు గిరాకీ పెరిగింది, ఎక్కడెక్కడివాళ్ళో కోరి కొనుక్కుంటున్నారు, ఫోనులో వీడియోలు తిరుగుతున్నాయి. చేతిలో ఇంత లోకం ఇమిడినా, అవతలివాడి తెర మీద ఏం కనబడుతోందో వాడి పక్కన కూర్చుని చూసే తీరిక మాత్రం మనలో సన్నగిల్లింది. నాకైతే అప్పుడూ లేదు. ప్రోగ్రామును లోకమంతటికీ పంచినవాణ్ణి, మా వెబ్‌సైటు తాళం మాత్రం ఇంతకాలం నా గుప్పిట్లోనే పెట్టుకున్నాను. ఎవరైనా దిద్దవచ్చని రాసి, ఎవరినీ దిద్దనివ్వలేదు.

మేనకోడలిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పాస్‌వర్డు చెప్పాను. లోపం ఎక్కడుందో నేను నోరు తెరిచేలోగానే కనిపెట్టి, ముందు ఒక నకలు తీసిపెట్టుకుని, దాని మీద దిద్ది చూసి, ఆ తరువాతే అసలు దాన్ని ముట్టుకుంది. పలమనేరు రైతుకు ఫోను చేసి, “ఇప్పుడు సూడన్నా, మీకాడ ఏం కనబడతాండాది?” అని అడిగి, ఆయన చదువుతున్న ఊరి పేర్లన్నీ పూర్తయ్యేదాకా వింది. ఆ తరువాత పాస్‌వర్డు మార్చేశానని, కొత్తది రాసుకోమని నాకొక కాగితం అందించింది. వద్దమ్మా, నాకు చెప్పొద్దు అన్నాను.