సెట్టింగు తీసేస్తే పోయిన వేణువు

ఆమె పని వినడం, విన్నది టైపు చేయడం. ఆసుపత్రి డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను వంటగది పక్క గదిలో కూర్చుని కాగితం మీదికి ఎక్కిస్తుంది. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. పగలు ఆమెది, సాయంత్రం భర్తది. ఆయన ప్రెస్సులో అచ్చుయంత్రం నడుపుతాడు. ఇంటికి రాగానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాటల్లో పడిపోతాడు.

గొడవ అక్కడే మొదలైంది. సౌండు సెట్టింగుల్లో శబ్దాన్ని మెరుగుపరుస్తామని చెప్పే గడులు కొన్ని ఉంటాయి. ఆయన అన్నింటికీ టిక్కు పెట్టేవాడు. మర్నాడు ఆమె కూర్చునేసరికి డాక్టరు గొంతు బిందెలోంచి వచ్చినట్టు గుయ్‌మనేది. ఒకసారి మందు మోతాదు 'ఇరవై' అన్నది ఆమెకు 'అరవై' అని వినిపించింది. అలాగే కొట్టేసింది. డాక్టరు సంతకం పెట్టేముందు చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆమె మాత్రం ఆ రోజు కొట్టినవన్నీ మొదటినుంచి మళ్లీ విని సరిచూసుకుంది.

"ఇక ఆ టిక్కుల జోలికి వెళ్లకండి. అవి బాగుచేసేదేం లేదు, సౌండు పెంచుతాయంతే. గట్టిగా వినిపిస్తే బాగున్నట్టే ఉంటుంది."

"నీకేం తెలుసు! అవి తీసేస్తే పాట చప్పగా ఉంటుంది."

"అయితే పందెం. అటు తిరిగి కూర్చోండి. నేను మారుస్తుంటాను, ఎప్పుడు ఉందో ఎప్పుడు లేదో చెప్పండి."

ఆయన కుర్చీ తిప్పుకున్నాడు. ఆమె రెండింటి సౌండూ సమానంగా సర్ది, ఒకసారి టిక్కులు పెట్టి, ఒకసారి తీసి వినిపించింది. తడబడతాడనుకుంది. ఆయన ఒక్కసారీ తప్పలేదు.

"ఎలా చెబుతున్నారు?"

"ఇందులో ఏముంది? నువ్వు తీసేసినప్పుడల్లా వేణువు పోతోందిగా!"

ఆమె హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నది. వేణువు ఎక్కడికీ పోలేదు, ఎడమ చెవిలో నిక్షేపంగా ఉంది; కుడి చెవిలో గిటారు. హెడ్‌ఫోన్లు అటుదిటు చేసి ఆయనకు పెట్టింది. ఈసారి వేణువు వచ్చింది, గిటారు పోయింది.

ఆయన ఎడమ చెవి నరం చాలావరకు దెబ్బతిందన్నాడు చెవి డాక్టరు. ఏళ్ల తరబడి యంత్రం మోతకు ఎడమ చెవి ఒడ్డి నిలబడడం వల్ల అయి ఉంటుందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. ఆ సెట్టింగుల్లో ఒకటి ఎడమవైపు శబ్దాన్ని కొంత కుడివైపుకు కలుపుతుంది. ఆయన దాన్ని పట్టుకు వేలాడింది అందుకే.

ఇంటికి తిరిగొచ్చే దారిలో ఆమె అడిగింది. "ఇన్నాళ్లూ నేను పిలిస్తే పలకనిది ఇందుకేనా?"

"కొన్నిసార్లు."

"మిగతాసార్లు?"

ఆయన బస్సు వస్తోందేమోనని చూశాడు.

ఆమె కంప్యూటర్లో ఇద్దరికీ వేరువేరు ఖాతాలు తెరిచింది. ఆయనదాంట్లో రెండువైపులా ఒకే శబ్దం వచ్చేలా పెట్టి, మిగతా టిక్కులన్నీ తీసేసింది. ఆ సంగతి ఆయన గమనించనే లేదు. ప్రెస్సులో తోటివాళ్లు ఆటపట్టిస్తున్నా, చెవులకు మూతలు పెట్టుకునే యంత్రం దగ్గరికి వెళుతున్నాడు. రోడ్డు మీద ఆమె ఇప్పుడు ఆయనకు కుడివైపున నడుస్తుంది. మాటలు పెరిగాయి, పోట్లాటలూ పెరిగాయి.