వేదిక ఎక్కని సుందరమ్మ

ఇయ్యాల ఆదివారం ఆరాధనకు మా మెట్‌పల్లి చర్చికి పాస్టరయ్య రాలే. వాగు పొంగి అవతలి ఊర్లనే ఆగిపోయిండని కబురొచ్చింది. నిజాం రాజ్యం పోయి పదేండ్లయింది గాని, ఆ వాగు మీద వంతెన ముచ్చట ఏ సర్కారూ ఎత్తలే. అది వేరే కథ.

పక్కూరి రాజమ్మకు ఎల్లుండి కరీంనగర్ దవాఖానలో కడుపు ఆపరేషన్. ప్రార్థన చేయించుకోనిదే బస్సెక్కనని ఆరు మైళ్లు నడిచొచ్చి, వెనుక తలుపు దగ్గర చాప మీద కూసున్నది.

ఇరవై ఏండ్ల నుంచి ఊరూరా తిరిగి ఆడోళ్లకు వాక్యం చెప్పే మా బైబిలమ్మ సుందరమ్మ లేచింది. ముందర కుర్చీలో ఉన్న సంఘపెద్ద యోహాను చెయ్యి అడ్డం పెట్టిండు.

"అక్కా, వాకిట్ల చెప్పుడు వేరు. ఆడమనిషి వేదిక ఎక్కే రివాజు లేదు."

"ఎవరు ఎక్కుతున్నరు తమ్మీ? నేను రాజమ్మ కాడికి పోతున్న," అన్నది సుందరమ్మ.

తలుపు దగ్గర నిలబడి, రాజమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, వాక్యం అందుకున్నది. జనం ఒక్కొక్కరే అటు మళ్లి కూసున్నరు. చాపల మీద కూసునేటోళ్లకు మళ్లుడెంతసేపు? మొదటి వరుస చివరి వరుసయింది. జరసేపు ఖాళీ వేదికనే చూసి, యోహాను కూడా కుర్చీ ఇటు తిప్పుకున్నడు.

ఆమేన్ అయినంక రాజమ్మ కండ్లు తుడుచుకొని బస్సుకు పోయింది.

రేపు పాస్టరయ్య అడిగితే, వేదిక ఎవరూ ఎక్కలేదని యోహాను ధైర్యంగా చెప్పొచ్చు. వాక్యం ఎవరు చెప్పిన్రని అడిగితేనే పరేషాన్. మీరైతే ఏం చెప్తరు?