పెన్సిలుతో రాసిన బావి

పోయిన వారం మా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, సెలవులు అయ్యేలోగా మా గదిలోని బీరువా ఖాళీ చేయమన్నారు. ఆ గదిలో ఇక కంప్యూటర్లు పెడతారట. ఆయన మర్యాదస్తుడు కాబట్టి 'ఇక మీ సంస్కృతం చాలు' అనలేదు, "మీ పుస్తకాలకు ఎక్కడైనా మంచి చోటు చూద్దాం మేడం" అన్నారు. ఆ మంచి చోటు మెట్ల కింద చీపుర్లు పెట్టే అర అని నాకు ముందే తెలుసు. పుస్తకాలు ఒక్కొక్కటే దించుతూ, తుమ్ముతూ, అడుగు అరకు వచ్చేసరికి గొట్టంలా చుట్టి దారం కట్టిన పెద్ద కాగితం ఒకటి చేతికి తగిలింది. విప్పి బల్ల మీద పరిచాను. నల్లటి సిరా మధ్య తెల్లగా పాత అక్షరాలు, పదమూడు వరుసలు. కింది నుంచి రెండో వరుసలో, రాయి పెచ్చు లేచిపోయిన చోట, మరకలు తప్ప ఏమీ లేవు. ఆ మరకల మీద రెండు బ్రాకెట్లు, వాటి మధ్య పెన్సిలుతో రాసిన ఒక మాట. చేతిరాత నాదే.

నేను ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పుట్టినదాన్ని. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మా వీధిలో సంస్కృతం అంటే పెళ్ళిలో పంతులు నోట వినడమే తప్ప, దాన్ని ఒకరు నేర్పుతారనీ ఒకరు నేర్చుకుంటారనీ ఎవరికీ తెలియదు. ఓరియంటల్ స్కూలు హాస్టల్లో రెండు పూటలా అన్నం పెడతారని ఎవరో చెబితే నాయన నన్ను తీసుకుపోయి చేర్పించాడు. చదువు కోసం చేరానని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాను గానీ, నిజానికి నేను సాంబారు కోసం చేరాను. చేరాక మాత్రం ఆ పాత మాటల మోజులో పడిపోయాను. సంస్కృతం తర్వాత ప్రాకృతం, దాని తర్వాత పాత కన్నడం, ఆ పైన రాళ్ళ మీది లిపులు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయన పక్కన కూర్చుని ఆయన నేత చూసేదాన్ని. డిజైను కాగితంలో ఎక్కడన్నా నాలుగు గళ్ళు చెరిగిపోయి ఉంటే ఆయన ఆగేవాడు కాదు. అటూ ఇటూ ఒకసారి చూసి, "ఈడ హంస ముక్కే రావల్ల" అని నేసేసేవాడు. ఆయన చేతిలో ఒక్క హంసా తప్పు పోలేదు. తర్వాత మా గురువుగారు శాసనాలు చదవడం నేర్పుతూ సరిగ్గా అదే పని చెప్పారు. రాయి అరిగిన చోట, అలాంటి వేరే శాసనాల్లో ఏముందో చూసి, ఆ మాటను బ్రాకెట్లలో రాయాలి. బ్రాకెట్టు అంటే ఇది రాతి మాట కాదు, నా ఊహ అని ఒప్పుకోవడం. నేను చాలా చక్కగా ఊహిస్తానని గురువుగారు మెచ్చుకునేవారు కూడా.

ఆ విద్యతో ఇరవై ఆరేళ్ళు బతికాను. ఇంటర్ పిల్లలు నా దగ్గరికి మార్కుల కోసం వచ్చేవారు. సంస్కృతం పరీక్షను తెలుగు లిపిలో రాసుకోవచ్చు కాబట్టి, నాగరి లిపిలో ఒక్క అక్షరం గుర్తుపట్టకుండానే నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న మహానుభావులు మా కాలేజీలో బోలెడుమంది. వాళ్ళ ఫోటోలు గేటు ముందు ఫ్లెక్సీలో వేసేవారు, కింద నా పేరు కూడా ఉండేది, చూసినప్పుడల్లా సిగ్గేసేది. ప్రాచీన భాషల విభాగంలో మాత్రం మొదట ముప్పై మంది ఉండేవారు, తర్వాత పన్నెండు, నలుగురు, చివరికి ఒక్కమ్మాయి. ఆ అమ్మాయికి నర్సింగులో సీటు వస్తే వెళ్ళమని నేనే చెప్పాను. తర్వాత కొన్నాళ్ళు ఖాళీ బెంచీల ముందు గంట కొట్టేదాకా కూర్చుని వచ్చేదాన్ని. బయట నన్ను జనం అడిగేవి రెండే ప్రశ్నలు: 'దీనికి ఉద్యోగాలొస్తాయా', 'వ అక్షరంతో పాపకు మంచి పేరు చెప్తారా'. నేను నేర్చుకున్నది ఎవరికో ఒకరికి, ఒక్కసారన్నా, అవసరం పడాలని నాకు ఆకలిగా ఉండేది. ఇది చెప్పుకోవడానికి గొప్ప విషయం కాదు గానీ, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మా విభాగానికి ఒక అటెండరు ఉండేవాడు. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు మనిషి. గుమ్మఘట్ట దగ్గర పల్లె ఆయనది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనేదాన్ని. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే మనిషి. పిల్లలు లేని నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినేవాడు, "వినేకి బాగుంటాది మేడమ్మా, అర్థమయ్యేది దేవుడెరుగు" అనేవాడు. ఆయనకు ఊళ్ళో మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. ఎనిమిదేళ్ళ చెట్లు. ఒక్కో చెట్టు గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో ఆ తోటకు ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగేవాడు ఒక చోటు చూపించాడు, వేపపుల్లతో నీళ్ళు చూసేవాడు ఇంకో చోటు చూపించాడు. రెండు చోట్లా వేస్తే రెండిట్లోనూ దుమ్ము వచ్చింది. చెట్లకు ట్యాంకరుతో నీళ్ళు పోస్తూ, ఇక ఒక్క బోరు, గొర్రెలు అమ్మి ఆఖరిగా ఒక్కటే వేయగలననుకుంటూ ఉన్న రోజుల్లో ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్మా, మా చేన్లో ఒగ రాయి ఉండాది. మా అవ్వోళ్ళ కాలం నుంచి గంగమ్మ రాయంటాము. దాని నిండా రాతలే. మీరొచ్చి సదివితే నీళ్ళు యాడుండాయో తెలుస్తాదేమో."

"అట్లాంటివి రాళ్ళలో రాయరన్నా" అన్నాను.

"కొబ్బరికాయోడు, పుల్లోడు మనుషులు మేడమ్మా, తప్పు చెప్తారు. రాయి యాల తప్పు చెప్తాది?"

మర్నాడే వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి నన్ను ఒక మనిషి, మార్కులకు కాకుండా, పేరు పెట్టడానికి కాకుండా, చదవమని పిలిచాడు. బస్సులో కిటికీ పక్క కూర్చుని కొత్తగా ఉద్యోగంలో చేరినదానిలా మురిసిపోయాను.

తోటలో ఆకులు అప్పటికే దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. కాయలు నిమ్మకాయంత దగ్గరే ఆగిపోయాయి. అన్న భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, చెట్లకని తెచ్చిన ట్యాంకరు నీళ్ళలోంచి రెండు బిందెలు రాయికి పోసింది. పోసే ముందు ఒక్క క్షణం బిందె పట్టుకుని ఆగింది. తరతరాల నూనెనూ పసుపునూ కుంకుడు రసంతో రుద్ది వదిలిస్తే అక్షరాలు బయటపడ్డాయి. తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీశాను. తర్వాత అందరూ వినేలా, అక్షరం మీద వేలు పెట్టి కదుపుతూ, అర్థం తెలుగులో చెబుతూ రాయిని చదవడం మొదలుపెట్టాను. ఎవరో పాలకుడు ఆ నేలను ఒక ఉపాధ్యాయుడికి, పిల్లలకు చదువు చెప్పినందుకు ఇచ్చాడట. ఆ మాటను రెండుసార్లు చదివాను. తర్వాత సరిహద్దులు. తూర్పున బండ్ల బాట. అన్న చెయ్యి చాపి చూపించాడు, బాట ఇప్పటికీ ఉంది. దక్షిణాన జంట గుండ్లు. అవీ ఉన్నాయి. పడమర వంక. నీళ్ళు లేకపోయినా వంక ఉంది. అంత కాలం కిందటి మాటలు కళ్ళ ముందు ఒక్కొక్కటే నిజమవుతుంటే అన్న ముఖం చిన్నపిల్లవాడి ముఖమైపోయింది.

"ఉత్తరాన? ఉత్తరాన ఏముండాది మేడమ్మా?"

ఉత్తరం దగ్గర రాయి పెచ్చు లేచిపోయి ఉంది. ఆ చుట్టుపక్కల నేను చూసిన అలాంటి దానాల్లో ఒక దిక్కున బావి తప్పకుండా ఉంటుంది. నీళ్ళు లేని నేలను చదువు చెప్పేవాడికి ఎవరిస్తారు? మిగిలిన మూడు దిక్కుల్లో బావి లేదు. పైగా ఊరు దాన్ని గంగమ్మ రాయి అంటోంది. మా నాయన హంస ముక్కు నేసినంత తేలిగ్గా నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"బావి" అన్నాను. "ఊట బావి."

అన్న రాయికి దండం పెట్టి, తర్వాత నాకూ పెట్టాడు. వదిన మాత్రం కదలలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని నా వైపే చూస్తూ అడిగింది:

"మేడమ్మా, రాయిలో ఉండేదే చెప్పినారా, మీరేమన్నా కలిపినారా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ ఒక్క క్షణం నాకు ఇచ్చిందామె. "ఉండేదే వదినా" అన్నాను. ఆ తర్వాత చెట్టు నీడలో కూర్చుని, గురువుగారు నేర్పిన పద్ధతి తప్పకుండా, కాగితం మీద రెండు బ్రాకెట్లు గీసి మధ్యలో బావి అని రాశాను. కాగితానికి నిజం చెప్పాను, మనుషులకు చెప్పలేదు.

బోరు వేసిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. రాయికి ఉత్తరాన నిమ్మకాయలు కోసి, టెంకాయ కొట్టి బోరు బండి మొదలుపెట్టారు. మొదట ఎర్రమన్ను, తర్వాత బూడిద రంగు పొడి, తర్వాత తెల్లటి పిండి. మధ్యాహ్నానికి బండి మనిషి వచ్చి, "ఇంగ ఎంత పోయినా బండే అన్నా, ఆపేద్దామా?" అన్నాడు. "ఇంగొంచెం పోనీ" అన్నాడు అన్న. కాసేపటికి మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే జవాబు. ఆ గంటసేపు నేను లోకంలో ఉన్న దేవుళ్ళందరినీ నాకు వచ్చిన భాషలన్నిటిలో వేడుకున్నాను. చివరికి బండి దానంతట అదే ఆగినట్టు ఆగింది. అన్న కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి. నా దగ్గరికి వచ్చి నన్నే ఓదార్చాడు.

"పోనీలే మేడమ్మా. ఆ కాలంలో నీళ్ళు పైనే ఉండింటాయి. ఇప్పుడు కిందికి పోయినాయి. రాయి తప్పేముండాది?"

అప్పుడూ నేను నోరు విప్పలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే చెట్లు నిలువునా ఎండిపోతే కొట్టించి కట్టెలకు వేశారు. కాలేజీలో విభాగమే లేనప్పుడు అటెండరు ఎందుకని ఆయన కాంట్రాక్టూ ఆపేశారు. ఇప్పుడు బెంగళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చుంటున్నాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. అక్కడివాళ్ళకు 'మా మేడమ్మ రాళ్ళు సదువుతాది' అని చెబుతాడట.

కాగితం దొరికిన మర్నాడు దాన్ని చంకన పెట్టుకుని గుమ్మఘట్ట బస్సెక్కాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. వదిన తోటలోనే, అంటే తోట ఉండిన చోట, నాలుగు మేకలు మేపుతోంది. మోకాలెత్తు మోళ్ళు వరసలు వరసలుగా మిగిలి ఉన్నాయి. నన్ను చూసి కొంగుతో ఒక మోడు తుడిచి కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను. కాగితం నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంతా చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె కాగితం వైపు చూడనే లేదు, మేకల వైపు చూస్తూ వింది.

"నాకా పొద్దే తెలుసు మేడమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకు సదువు రాదు గానీ కండ్లుండాయి గదా. అన్నీ సదివేటప్పుడు మీ యేలు ఒక్కో అక్షరం కాడ నిలబడి నిలబడి పాయె. ఆడికొచ్చేసరికి నిలబడలేదు. గబుక్కున దాటిపాయె. అందుకే గదా అడిగినా."

"మరి అన్నకు ఎందుకు చెప్పలేదు వదినా?"

ఒక మేక మోడు పక్కన మొలిచిన చిగురు ఏదో కొరుకుతుంటే ఆమె అదిలించి వచ్చింది.

"ఆయప్ప మొగం మీరూ చూస్తిరి గదా. ఎనిమిదేండ్లు నీళ్ళు పోసి పెంచినోడు. ఆ యేడు ఎండాకాలమంతా నవ్వింది ఆ పొద్దొకటే. కాదని చెప్పేకి నాకూ నోరు రాలే. మీరు ఒగ మాట కలిపితిరి, నేను ఒగ మాట మింగితి." మళ్ళీ తనే అంది, "ఇంగ ఆయప్పకు చెప్పొద్దండి. రాయి అబద్ధం చెప్పలేదని ఒకటి మిగిలుండాది ఆయప్పకు."

తర్వాత నా చెయ్యి పట్టుకుని రాయి దగ్గరికి తీసుకుపోయింది. పసుపు మళ్ళీ పూసి ఉంది, కొత్త పసుపు. "ఇప్పుడు సదవండి" అంది, "నా కోసరం. ఉండేదే సదవండి." తూర్పు, దక్షిణం, పడమర చదివాను. ఉత్తరం దగ్గర వేలు ఆపాను. ఆ గరుకు మీద వేలు అలాగే ఉంచి, "ఇక్కడ ఏమీ లేదు వదినా" అన్నాను. ఆమె తల ఊపింది. పాఠం అప్పజెప్పిన పిల్లను చూసినట్టు చూసింది.

బస్సులో తిరిగి వస్తూ పెన్సిలు మాటను రబ్బరుతో చెరిపాను. మాట పోయింది గానీ, అప్పుడు సంబరంలో గట్టిగా నొక్కి రాశానేమో, కాగితం మీద గాడి అలాగే ఉంది. రాతి మీద ఆ చోటు ఖాళీ చేయడానికి కాలానికి వందల ఏళ్ళు పట్టింది. నింపడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు, ఆ ఒక్క క్షణం ఇప్పుడు రెండేళ్ళు గడిచినా గడవడం లేదు.