అవ్వ లేచి నిలబడింది

రేపు లక్సెట్టిపేట బడిలో నా మొదటి పాఠం, వాన ఎలా కురుస్తుందని. నవాబు రాజ్యం పోయింది, ఇకనుంచి అన్నీ తెలుగులోనే చెప్పాలన్నారు పెద్దసారు. నేనేమో మెట్రిక్ దాకా చదివిందంతా ఉర్దూలోనే. అందుకే ఈ సాయంత్రం అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పి చూసుకున్నాను. రెండు ముక్కలు తెలుగులో చెప్పి, నాకు తెలియకుండానే ఉర్దూలోకి వెళ్ళిపోయాను. ఎంత ధారాళంగా వచ్చిందో! ముగించి చూస్తే అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు లేసినవ్ అవ్వా?"

"ఏమో బిడ్డా, తాసిల్దారు దొర మాట్లాడినట్టే అనిపిచ్చింది. జర భయమైంది."

మళ్ళీ కూర్చోబెట్టి తెలుగులో మొదలుపెట్టాను. మబ్బుల దాకా కూడా పోలేదు, మాటలు అయిపోయాయి. వానను నమ్ముకుని బతికిన మనిషికి వాన గురించి చెప్పలేకపోయాను.

ఉర్దూలో చదివి తెలుగులో పాఠాలు చెబుతున్నవాళ్ళు మీలో ఉంటే, మొదటి రోజు ఎలా గట్టెక్కారో కాస్త చెప్పండి. రేపు నేను లోపలికి పోగానే పిల్లలందరూ లేచి నిలబడతారు. అది గౌరవమే అనుకునేవాణ్ణి, ఇవాళ్టిదాకా.