ఖాళీ ఇన్‌హేలర్‌కు పదికి పది

ఈ రోజు మా కాలేజీలో ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లలకు ఫార్మకాలజీ ప్రాక్టికల్ పరీక్ష, నేను ఎగ్జామినర్‌ని. నా టేబుల్ దగ్గర పని ఒక్కటే, ఆయాసం ఉన్న పేషెంటుకు ఇన్‌హేలర్ వాడకం నేర్పాలి. మూడు నిమిషాలకోసారి గంట మోగితే పిల్లలు మారతారు. పేషెంటుగా మా అటెండర్ రాజవ్వను కూర్చోబెట్టి, మందు లేని ఇన్‌హేలర్ చేతికిచ్చాం. "నాకు నిజంగనే జర దమ్ము వస్తది మేడం" అందామె. అయితే యాక్టింగ్ సులువేనని నవ్వాం.

పదో అమ్మాయి వచ్చింది. ఊపమంది, నొక్కమంది, ఊపిరి బిగపట్టి పది లెక్కపెట్టమంది. నేను మార్కుల కాగితం మీంచి తలెత్తకుండా వరసగా టిక్కులు పెట్టి, పదికి పది వేశాను. గంట మోగింది. అమ్మాయి లేచింది. రాజవ్వ మాత్రం ఆ ఖాళీ ఇన్‌హేలర్‌ను ఇంకా నొక్కుకుంటూనే ఉంది. పెదాలు నీలం తిరిగాయి.

ఆమెను క్యాజువాలిటీలో చేర్చి వచ్చి అమ్మాయిని అడిగాను. "ఆమెకు ఊపిరి అందట్లేదని నీకు కనిపించలేదా?"

"కనవడ్డది మేడం. మస్తు యాక్టింగ్ చేస్తుందనుకున్న. అది చూసుడుకు మార్కులు కూడా లెవ్వు కద."

సాయంత్రం చూడటానికి వెళ్తే, రాజవ్వ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది. "గా డాక్టరమ్మకు మార్కులు తగ్గియ్యకు మేడం. మంచిగనే చెప్పింది."

తిరిగొచ్చి ఆ పది కొట్టేద్దామని కాగితం తీశాను. కింద నా సంతకం ఉంది. మీరైతే ముందు ఏది కొట్టేస్తారు?