గేటు దగ్గర నుంచే చూసిన ఖాళీ సమాధి

ఈస్టరు పండగకు ప్రభువు ఖాళీ సమాధి మీద ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. సమాధి ఖాళీ అయినందుకు కాదు, దాని గురించి చెప్పేవాళ్ళను చూసి. ప్రభువు లేచిన ఆ తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరకు వెళ్ళింది ఆడవాళ్ళు. శిష్యులనే మగమహారాజులు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. పైగా, ఆడవాళ్ళు వచ్చి సంగతి చెబితే పిచ్చి వాగుడని కొట్టిపారేశారు. ఈ ముక్క మాత్రం మా చర్చి సంఘపెద్ద నోట ఒక్కనాడూ రాలేదు.

మాది కంకిపాడు దగ్గర పల్లె. తాతల నాడే ప్రభువును నమ్ముకున్న వ్యవసాయ కుటుంబం. నేను విజయవాడలో కాలేజీ లెక్చరర్ని, పండగలకే ఊరు వెళ్తాను. అక్క పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్ళోనే. మా చర్చిలో ఈస్టరుకు ఒక ఆచారం ఉంది. కాలవగట్టు పక్కన సమాధుల తోటలో ముందురోజే ఇటుకలు పేర్చి చిన్న గుహ కట్టి, లోపల తెల్ల పంచె ఒకటి మడతపెట్టి ఉంచుతారు. తెల్లవారకముందే సంఘమంతా కొవ్వొత్తులతో గేటు బయట నిలబడుతుంది. ఒక ఆడమనిషి ఒంటరిగా లోపలికి వెళ్ళి, గుహలోకి తొంగి చూసి, ఆ పంచె తీసుకుని జనానికి ఎదురుగా నడిచి వచ్చి, ప్రభువు లేచాడని కేకేసి చెబుతుంది. అప్పుడు డప్పు మోగుతుంది. అక్కది మంచి గొంతు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పని ఆమెదే.

పోయిన ఈస్టరుకు కొద్ది వారాల ముందు బావ పొలంలోనే గుండె ఆగి పోయాడు. ఆయన్ని ఆ తోటలోనే పెట్టాం.

పండగ ముందు సాయంత్రం సంఘపెద్ద అక్క ఇంటికి వచ్చాడు. పరామర్శకు వచ్చాడనుకున్నాం. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అక్క వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడాదికి నువ్వు వద్దులేమ్మా. పండగపూట పొద్దున్నే నలుగురికీ ఎదురు రావడం... కొత్తగా పెళ్ళయినవాళ్ళు కూడా ఉంటారు. నీకు తెలియందేముంది."

విన్నారా? వర్జ్యం చూడటం పాపం, వాస్తు చూడటం పాపం అని మైకులో అరిచే మనిషి. భర్త పోయిన ఆడది ఎదురొస్తే మాత్రం పునరుత్థాన పండగ చెడిపోతుందట. తాతలు వదిలేసి వచ్చిన శకునాల్లో తనకు పనికొచ్చేదాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నాడు. వీళ్ళ భక్తి తగలెయ్య!

నేను నోరు తెరవబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన వెళ్ళాక వంటింట్లో పీట మీద కూర్చుని, ఏడవకుండా, చాలా మామూలుగా అంది.

"ఇల్లు కుదురుగా ఉన్నన్నాళ్ళూ ప్రభువు లేచాడని చెప్పానే, అదేం గొప్ప? మీ బావని అక్కడ పెట్టి వచ్చాక చెప్పలేకపోతే, ఇన్నేళ్ళూ నేను నమ్మనట్టే గదా."

తెల్లవారుజామున ఆమె వెంట నేనూ వెళ్ళాను. అక్క వెనక వరసలో నిలబడింది.

సంఘపెద్ద ఈ పనికి తన కొత్త కోడల్ని పెట్టాడు. ఆ పిల్ల గేటు దాకా వచ్చి, లోపల కొత్త సమాధి ఉంది, నాకు భయమండీ అని మామగారి వెనక నక్కింది. ఆయన తక్కిన ఆడవాళ్ళ వైపు చూశాడు, తర్వాత మగవాళ్ళ వైపు చూశాడు. ఒక్కరూ కదల్లేదు. పాస్టరు అయ్యగారు పాటల పుస్తకంలో తల దూర్చుకున్నారు. చనిపోయినవాళ్ళు లేస్తారని ఏడాది పొడుగునా పాడే జనం, ఆ చనిపోయినవాడు నిజంగానే లేచి వస్తాడేమోనని వణికిపోయారు. బావ బతికుండగా ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. నాకు నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది.

చివరికి సంఘపెద్దే సెల్‌ఫోను లైటు వేసుకుని వెళ్ళాడు. గేటు దాటీ దాటగానే ఆగి, గుహ వైపు ఒకసారి లైటు తిప్పి, సమాధి ఖాళీ అని గబగబా అనేసి వెనక్కి వచ్చాడు. చేతిలో పంచె లేదు. డప్పు వాయించాల్సినవాడు వాయించాలో వద్దో తెలియక దిక్కులు చూశాడు.

"మీరు చూశారా అండీ?" అని వెనక నుంచి అక్క అడిగింది.

ఆయన సెల్‌ఫోను లైటు ఆర్పేశాడు. అక్క జనాన్ని తప్పించుకుంటూ గేటు దాటింది. ఆపడానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు. బావ సమాధి మీద మట్టి ఇంకా కుంగలేదు. అక్కడ ఆగి, వంగి, దాని మీద చెయ్యి వేసింది. తర్వాత గుహ దగ్గరకు వెళ్ళి లోపలికి చూసి, పంచె తీసుకుని మాకు ఎదురుగా నడిచి వచ్చింది. సంఘపెద్ద కోడల్ని పక్కకు లాగాడు. ముందు వరసలో కొందరు మొహాలు తిప్పుకున్నారు. సిగ్గులేని జన్మలు.

"సమాధి ఖాళీ. నేను దగ్గరకు వెళ్ళి చూశాను. మా ఆయన సమాధి ఖాళీ కాలేదు, అదీ చూశాను. అయినా చెబుతున్నా. ప్రభువు లేచాడు."

ఆ మాటకు, నిజంగా లేచాడని సంఘం బదులు చెప్పాలి. ఎవరూ పెదవి కదపలేదు. అక్క అలాగే నిలబడి ఎదురుచూసింది. నేను నమ్ముతానో లేదో నాకే సరిగ్గా తెలియదు. ఆ సంఘం మీద మాత్రం నాకు ఆవగింజంత గౌరవం లేదు.

"నిజంగా లేచాడక్కా," అన్నాను.