పడుగు జాగా దావా

మా పెద్దబాపు అంబదాస్ బతుకులో కోర్టు కచేరీ మెట్లెక్కింది ఒక్క దావాకే. అదైనా గెలిచాడా అంటే, లేదు. గెలవగలిగీ ఓడిపోయాడు మహానుభావుడు!

అమీర్‌పేటలో మా ఇంటి వెనక ఐలయ్యకు ఖాళీ జాగా ఉండేది. పెద్దబాపు, ఆయన భార్య, మా పెద్దవ్వ కాంతవ్వ పొద్దున్నే అక్కడ నేతకు కావలసిన నిలువు దారాల పడుగును బారుగా చాపి, చెరో కొస పట్టుకుని గంజి పెట్టేవాళ్లు. మగ్గం ఇంట్లో పెట్టుకోవచ్చు. అంత పొడుగు పడుగును ఇంట్లో ఎక్కడ పరుస్తారు? ఐలయ్య ఎప్పుడైనా అమ్మితే తామే కొనాలని ఇద్దరూ కడుపు కట్టుకుని కూడబెట్టారు. ఇంతలో, 1937 ఎండాకాలంలో, కాంతవ్వ జ్వరమొచ్చి పోయింది.

మూడో నాడు పంజాగుట్ట శ్మశానంలో కాంతవ్వ పేరు మీద పిట్టకు బువ్వ పెట్టారు. కాకి ఎప్పుడు ముడుతుందా అని పెద్దబాపు చూస్తుండగా పక్కింటి సారయ్య వచ్చి చెవిలో వేశాడు.

"అన్నా, ఐలయ్య జాగ అమ్మిండట. ఎవడో గుత్తేదారు కొన్నడు."

పెద్దబాపు తల కూడా ఎత్తలేదు. మైల రోజుల్లో ఆస్తి మాట ఎవరు మాట్లాడతారు? దినాలయ్యాకే సారయ్యను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి పోయాడు.

వకీలు సాబ్ మంచివాడే. షరియత్‌లో షుఫా అనే హక్కుందనీ, నిజాం కచేరీల్లో అది నడుస్తుందనీ, హిందువైనా ముసల్మానైనా అదే ధర ఇచ్చి ముందు కొనే హక్కు పక్కింటివాడిదేననీ విడమరిచి చెప్పాడు.

"కానీ అమ్మకం సంగతి వినంగనే, అక్కడికక్కడే 'నాకు గావాలె' అని నోరు తెరిచి అనాలె. అన్నవా?"

"అనలే సాబ్."

"అన్న అని చెప్పు. విన్ననని సారయ్య గవాహీ, సాక్ష్యం ఇస్తడు."

"ఇస్తనన్నా, ఫికర్ చెయ్యకు," అన్నాడు సారయ్య.

దావా పడింది. ఇక వాయిదాలే వాయిదాలు. ఏడాదిన్నర పాటు పొద్దున్నే సద్ది కట్టుకుని పట్నం నడిచిపోవడం, ఉత్తచేతులతో తిరిగి రావడం. గుత్తేదారు జాగా చుట్టూ కంచె వేశాడు. మగ్గం మూలకు పడింది. మనిషి సగమయ్యాడు.

చివరికి ఓ రోజు పిలిచారు. మున్సిఫ్ సాబ్ నెమ్మదిగానే అడిగాడట.

"సంగతి విన్నప్పుడు నువ్వేమన్నవు?"

గోడ పక్కన నిలబడి సారయ్య కళ్లతో సైగలు చేస్తూనే ఉన్నాడు.

"ఏమనలే సర్కార్. ఏడ్చిన."

మున్సిఫ్ సాబ్ ఆ మాటే రాసుకున్నాడట. దావా కొట్టేశారు.

నెల తిరక్కుండానే పెద్దబాపు ఓ నవాబు బంగళాలో చెట్లకు నీళ్లు పోసే పనికి కుదిరాడు. మగ్గం విప్పుతున్న రోజు నాకు ఒళ్లు మండి అడిగేశాను.

"ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం బోతుండె పెద్దబాపు?"

ఆయన విప్పిన కర్రల మీదే కూలబడ్డాడు. అలసిపోయిన గొంతు.

"మీ పెద్దవ్వకు బువ్వ పెట్టుకుంట జాగ అడిగిన్నని చెప్పాల్నారా? చెప్పి గెలుస్తుంటి. తెల్లారి గా జాగల పడుగు చాపుతుంటి. రెండో కొస ఎవరు పట్టుదురు?"